ఐసు తెలియని చెంప

ఎడమ చెంప మీద, చెవికి రెండు వేళ్ళ ఇవతల, రూపాయి బిళ్ళంత చోట నాకు చల్లదనం తెలియదు. అది కనిపెట్టింది నేను కాదు. నాతో పాటు బ్యూటీ పార్లర్‌లో పనిచేసే నగరి పిల్ల కనిపెట్టింది. అదీ తెలివితేటలతో కాదు, ఐసు ముక్క పెట్టి మరిచిపోయి. ఆ తర్వాత రెండేళ్ళ పాటు నా ముందున్న సంగతి ఒక్కటే. ఇంకొకరి ముఖం మీద చెయ్యి వేసే పని నాకు మిగులుతుందా, పోతుందా. నాకు చేతనైన పని అదొక్కటే.

పార్లర్ తిరుపతిలో, బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక చెప్పుల అంగడి పైన మేడలో ఉండేది. మూడు మంచాలు, మూడు కర్టెన్లు, ఒక స్టీమరు, ఒక అక్క. అక్క అంటే ఓనరు. అప్పటికి నలభై దాటిన మనిషి. మద్రాసులో ఆరు నెలలు ఉండి ఈ విద్య నేర్చుకుని వచ్చింది. విద్యతో పాటు లెక్క కూడా అక్కడి నుంచే తెచ్చుకుంది. మసాజ్‌లో ఒక్కో తిప్పు ఎనిమిది సార్లు తిప్పాలి. ఆ ఎనిమిదిని అక్క అరవంలోనే లెక్కపెట్టేది. ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు, ఎట్టు. మేమూ అట్లాగే నేర్చుకున్నాం. తెలుగులో లెక్కపెడితే చెయ్యి వేగం తప్పుతుందని అక్క నమ్మకం. నేను చిత్తూరు పక్క పల్లెలో తొమ్మిదో తరగతి సగంలో బడి వదిలిపెట్టిన దాన్ని. నా పేపరు దిద్దితే ఎర్ర పెన్నులో ఇంకు మిగలదని లెక్కల అయ్యవారు అనేవాడు. ఆయన చూడలేదు గానీ, తెలుగులో రాని లెక్క నాకు అరవంలో వచ్చింది. ఎనిమిది దాకా అయితే ఎవరితోనైనా పందెం కాస్తాను.

మసాజ్ అంతా పైకే పోవాలి. గడ్డం నుంచి చెవి దాకా, ముక్కు పక్క నుంచి కణత దాకా, కనుబొమ్మల మధ్య నుంచి నుదుటి మీదికి. కళ్ళ చుట్టూ ఉంగరం వేలు తప్ప ఇంకో వేలు పెట్టకూడదు. ఐదు వేళ్ళలో దానికే బలం తక్కువ, కళ్ళ కింది చర్మానికి అంతకు మించి ఓపిక లేదు.

"కిందికి లాగినావంటే ముఖం కిందికే జారుతాది. దుడ్డిచ్చి ముసిలిది అయిపోవల్లనా ఆమె?" అనేది అక్క.

నా గొడవ వేరే. నాకు నోరు ఊరుకోదు. ముఖానికి ప్యాక్ వేసి, కళ్ళ మీద పన్నీటి దూది పెట్టి, పావుగంట కదలొద్దని చెప్పడం పద్ధతి. ప్యాక్ ఆరేటప్పుడు నవ్వితే ముఖం ఎండిన మడిలాగా పగులుతుంది. ఆ పావుగంటలోనే నాకు ఎక్కడలేని మాటలూ వచ్చేవి. తలనీలాలు ఇచ్చి కొండ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మకు ఫేషియల్ చేస్తున్నాను. గుండుకు చందనం పూసుకుని ఉంది. క్రీము రాసుకుంటూ పోతే ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"అక్కా, ఈయమ్మకు ముఖం యాడిదాకా?" అని కర్టెను ఇవతలి నుంచి అడిగాను.

"బొట్టు కాడి నుంచి నాలుగు వేళ్ళు. ఆపైన ఉండేది తల. దానికి రేటు వేరే" అంది అక్క లోపలి నుంచి.

మంచం మీది ఆమె పడి పడి నవ్వింది. అదృష్టం కొద్దీ ప్యాక్ ఇంకా వేయలేదు. ఇట్లాంటివి నెలకు నాలుగు జరిగేవి. అక్క తిట్టేది, కానీ నన్ను అడిగి వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు కాబట్టి తిట్టుతోనే ఆపేది.

పని లేని మధ్యాహ్నాల్లో మేం ఒకరి ముఖం మీద ఒకరం చెయ్యి సాధన చేసేవాళ్ళం. ఆ రోజు పడుకునే వంతు నాది. నగరి పిల్ల క్లెన్సింగ్ చేసింది, స్క్రబ్ చేసింది, మసాజ్ చేసింది, ఆవిరి పట్టింది, ముక్కు మీది నల్ల గింజలు తీసింది. ఆఖరున ఐసు. మల్లు గుడ్డలో ఐసు ముక్క చుట్టి ముఖమంతా తిప్పి తెరుచుకున్న రంధ్రాలు మూయాలి. ఆమె తిప్పుతూ తిప్పుతూ కిటికీలోంచి ఎవరినో చూస్తూ నిలబడిపోయింది. చెవిలోకి నీళ్ళు కారాయి.

"ఐసు పెట్టేది ఉండాదా లేదా మే?" అన్నాను.

"పెట్టి ఎంతసేపాయ. నీ చెంప మీదనే ఉండాది."

"యాడ?"

"ఈడ. కండ్లు తెరిసి సూడు కావాలంటే."

చూశాను. గుడ్డ నా చెంప మీదే ఉంది. ఐసు సగం కరిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పిల్లకు అది ఆట అయిపోయింది. నన్ను కళ్ళు మూసుకోమని దువ్వెన కొనతో ముఖమంతా తడుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. నుదురు చెప్పాను, గడ్డం చెప్పాను, ముక్కు చెప్పాను. ఒక చోట ఆమె మూడు సార్లు తట్టిందట. ఆమె ఇంకా తట్టలేదని నేను ఎదురుచూస్తున్నాను.

"మే, నీ చెంప నిద్రపోయినాది" అంది.

"నీ చేతిలో ఎవరైనా నిద్రపోతారు. అంత సప్పగ సేస్తావు నువ్వు" అన్నాను.

ఆ మచ్చ సంగతి నాకు అంతకు ముందు ఏడాది నుంచే తెలుసు. కాస్త పాలిపోయినట్టు, చుట్టూ ఉన్న చర్మం కంటే ఒక వాసి తక్కువ రంగులో ఉండేది. మా పల్లెలో ముఖం మీద అట్లాంటిది వస్తే కడుపులో పురుగులు అంటారు. పురుగుల మందు మింగాను. పురుగులు ఉంటే పోయే ఉంటాయి, మచ్చ మాత్రం పోలేదు. పార్లర్‌లో చేరాక నాకొక ఉపాయం తట్టింది. మచ్చను ముఖం రంగుకు తేలేకపోతే ముఖాన్నే మచ్చ రంగుకు తెస్తే సరిపోతుంది. పది రోజులకు ఒకసారి ముఖమంతా బ్లీచ్ వేసుకునేదాన్ని. రంగు నిజంగానే కలిసిపోయింది. అక్క నా గడ్డం పట్టుకుని వచ్చినవాళ్ళకు చూపించేది. "ఈ పిల్ల సేరినప్పుడు సూడల్సింది మీరు. పొయ్యిలోంచి తీసిన బొగ్గు." వాళ్ళు చూసి బ్లీచ్‌కు పడుకునేవాళ్ళు. అట్లా ఒక రోగపు మచ్చను తిరుపతిలో సగం మంది ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

బ్లీచ్ అందరికీ చురచురమంటుంది. నాకు ఆ ఒక్క చోట అనేది కాదు. చర్మం అలవాటు పడిందని అనుకున్నాను.

ఐసు ఆట అయిన కొద్ది వారాలకు ఒక రోజు బ్లీచ్ వేసుకుని గోడకు ఆనుకుని కునుకు తీశాను. లేచేసరికి మచ్చ మీద బొబ్బ లేచింది. నొప్పి లేదు. మామూలుగానే పనిలోకి దిగాను. ఆ సాయంత్రం వచ్చింది సిస్టరమ్మ. గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు, నెలకొకసారి కనుబొమ్మలు తీయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేది. కనుబొమ్మల దారం ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో మెలితిప్పి, మనిషి మీదికి వంగి లాగాలి. అట్లా వంగితే మన చెంప వాళ్ళ కళ్ళకు జానెడు దూరంలో ఉంటుంది. ట్యూబులైటు సరిగ్గా దాని మీదే పడుతుంది.

"ఆగు. ఆ బొబ్బ ఏంది?" అంది ఆమె.

దారం నోట్లోంచి తీసి, "బ్లీచ్ శానాసేపు పెట్టుకుంటి సిస్టరమ్మా. నిద్రొచ్చేసినాది" అన్నాను.

"మండలేదా?"

"మండితే నిద్రెట్ల వస్తాది?"

ఆమె నవ్వలేదు. ట్రేలోంచి దూది తీసి, సన్నగా పేని, నన్ను కళ్ళు మూసుకోమంది. దువ్వెనతో నగరి పిల్ల ఆడిన ఆటే ఈమె దూదితో ఆడింది. ఈసారి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. తర్వాత నా మోచేతి వెనక ఎముక పక్కన వేలు పెట్టి ఏదో నరాన్ని వెతికింది. జిల్లుమంది.

"రేపు పొద్దన్నే ఆస్పత్రికి రా. నేను డాక్టరమ్మకు సెప్పి పెడతాను" అంది.

"ఏంది సిస్టరమ్మా?"

"మందుండే రోగమే. ముందు నా రెండో కనుబొమ్మ తియ్యి. ఇట్లనే పోతే మా వాళ్ళు నన్ను అడ్మిట్ సేస్తారు."

రెండోది తీశాను. రెండూ ఒకే తీరుగా వచ్చాయి.

మరుసటి రోజు డాక్టరమ్మ నన్ను కుర్చీలో తిప్పి కూర్చోబెట్టి, రవిక పైకి జరిపి వీపు మీద మచ్చలు లెక్కపెట్టింది. ఎనిమిది దాటింది. నాకు అరవంలో కూడా అందలేదు. ఊళ్ళో వాళ్ళ ముఖాల్లో మొటిమ ఎక్కడుందో చూడకుండా చెప్పగలిగేదాన్ని, నా వీపును ఒక్కసారి కూడా చూసుకోలేదు. డాక్టరమ్మ కుష్ఠు అని చెప్పింది. మా పల్లెలో ఆ మాట ఎవరూ అనరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. ఆమె మామూలు గొంతుతో, జలుబు అన్నట్టు చెప్పింది. ఏడాది పాటు మాత్రలు, నెలకొక అట్ట, ఊరికే ఇస్తారు, ఒక్క రోజు కూడా మానకూడదు.

నేను ఒక్కటే అడిగాను. "నేను ముఖాలకు మసాజ్ సేస్తాను మేడం. ముట్టుకోవచ్చునా?"

"మందు మొదలుపెట్టినాక నీ నుంచి ఎవరికీ రాదు. చేతుల్లో స్పర్శ బాగుంది. నీ పని నువ్వు చేసుకో."

సిస్టరమ్మ బయటికి వచ్చి అట్ట చేతిలో పెట్టింది. ఎర్ర గొట్టాలు, తెల్ల బిళ్ళలు, బెల్లం రంగు మెత్తటి గోళీలు. "ఇంకోటి కూడా విను. ఇది మింగితే ఒళ్ళు నల్లబడతాది. బయపడబాక. మందు నిలిపినాక మెల్లమెల్లగ పోతాది."

"ఎంత నలుపు?"

"నీ యాపారానికి ఇబ్బందే" అంది.

ఏడుపు వస్తుందని బస్టాండులో ఒక బెంచీ మీద కూర్చున్నాను. రాలేదు. చెనక్కాయలు కొనుక్కుని పొట్లం అయిపోయే దాకా తిన్నాను. ఎదురుగా చిత్తూరు బస్సు నిలబడి ఉంది. ఎక్కితే రెండు గంటల్లో మా నాయన ముందు ఉంటాను. ఎక్కి ఏం చెప్పాలో తెలియలేదు. బస్సు పోయింది. ఇంకొకటి వచ్చి నిలబడింది. నేను లేచి పార్లర్‌కు వెళ్ళి మధ్యాహ్నం రెండు ఫేషియళ్ళు చేశాను. రెండూ బాగా వచ్చాయి. లోపల ఏమీ లేదు. చెంప మీద ఉన్నదేదో లోపలికి కూడా దిగినట్టు ఉండింది, అంతే.

అక్కకు చెప్పలేదు. చెప్తే పని పోతుందని తెలుసు. నగరి పిల్లా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్ళం కాబట్టి ఆమె మాత్రల అట్ట చూసింది.

"ఏం మాత్రలు మే ఇవి? ఇన్ని రంగులుండాయి?"

"రగతం తక్కువంట."

"నీకా? నోరు సూస్తే అట్ల లేదే."

మూడో అట్టకు నలుపు మొదలైంది. మామూలు ఎండ నలుపు కాదు. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టే రంగు. ముందు ముఖం, తర్వాత చేతులు. ఐదో అట్టకు నన్ను అద్దంలో చూసిన వాళ్ళు వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూసేవాళ్ళు. తెల్లబడటానికి వచ్చే అంగడిలో నేను రోజుకింత నల్లబడుతూ నిలబడి ఉన్నాను. మిఠాయి కొట్లో చక్కెర రోగి లాగా.

"ఏం పాపా, నువ్వే ఇట్లయితే మాకేం తెల్లగ సేస్తావు?" అని ఒక రెడ్డెమ్మ మంచం మీద పడుకునే ముందు అడిగింది. పక్క మంచాల మీద ఇద్దరు ఉన్నారు. అక్క కౌంటర్ దగ్గర ఉంది. అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

"మీ ముఖంలో తీసిన నలుపంతా యాడికి పోతాదనుకున్నారమ్మా? ఎవరో ఒకరు మొయ్యల్ల గదా. నేను మోస్తా ఉండాను" అన్నాను.

మూడు మంచాలూ కదిలాయి. ఒక ప్యాక్ పగిలింది. ఆ మాట ఊళ్ళో తిరిగింది. తర్వాత వారం వచ్చిన వాళ్ళు, "నా నలుపు కూడా కొంచెం తీసుకో మే" అని పడుకునేవాళ్ళు. నేను, "స్థలం లేదమ్మా, అలిపిరి దాకా లైను ఉండాది" అనేదాన్ని. నవ్వేవాళ్ళు. నవ్వించేటప్పుడు నాకూ నవ్వు రావాలి గదా అని చూసుకున్నాను. నోరు కదిలేది.

అక్కకు మాత్రం ఈ నవ్వు నచ్చలేదు. గడ్డం పట్టుకుని చూపించే పిల్ల ఇప్పుడు కర్టెను వెనకే ఉండాల్సి వస్తోంది. ఏడో అట్ట అయిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు గొళ్ళెం పెట్టి, చీర కొంగు దోపుకుని, "పడుకో. నేనే సేస్తాను. ఈ ఎండలకు నీ తోలు సచ్చిపోయినాది. కొత్త డబ్బా తెరస్తా ఉండాను సూడు" అంది.

బొప్పాయి గుజ్జు, తేనె, మద్రాసు నుంచి తెప్పించిన క్రీము. వద్దన్నాను, తలనొప్పి అన్నాను, రేపు అన్నాను. అక్క వినలేదు. పడుకున్నాను. అక్క చేతులు మా చేతుల్లాంటివి కావు. మేం చర్మం మీద తిప్పేవాళ్ళం, అక్క చర్మాన్ని అడిగేది. ఒణ్ణు, రెండు, మూణు. ఎడమ చెంప దగ్గర లెక్క ఆగలేదు. అది నాకు వినిపించింది. ఎట్టు దాకా వెళ్ళింది. ఊపిరి వదిలాను.

దొరికిపోయింది ఆవిరి దగ్గర. స్టీమరు ముందు పది నిమిషాలు ఉంచితే ఎవరి ముఖమైనా ముత్యాలు పేర్చినట్టు చెమట పడుతుంది. అక్క స్టీమరు పక్కకు తిప్పి, తువ్వాలు తీసుకుని, తుడవలేదు. చాలాసేపు తుడవలేదు. కళ్ళు తెరిచాను. అక్క నా ఎడమ చెంప వైపు చూస్తూ ఉంది. ముఖమంతా నీళ్ళు కారుతుంటే రూపాయి బిళ్ళంత చోట మాత్రం పొడిగా ఉంది. ఆ రోగం వచ్చిన చోట చెమట పట్టదు. ఇరవై ఏళ్ళ చేతి పనిలో అక్క ఎన్ని వేల ముఖాలకు ఆవిరి పట్టి ఉంటుందో. ఇట్లా తడవని ముఖం ఆమెకు తగిలి ఉండదు.

"ఈడెందుకు పట్టలేదు?"

జోకు వెతికాను. దొరకలేదు. చెప్పేశాను. చెప్పడానికి నాలుగు మాటలే పట్టాయి.

"ఎన్నాళ్ళాయ?"

"ఏడు అట్టలు మింగినానక్కా. ఇంక అయిదు ఉండాయి."

"ఏడు నెలలు నా కస్టమర్లను ముట్టుకుంటా ఉండావు."

"డాక్టరమ్మ ముట్టుకోవచ్చన్నాది. మాత్రలు మొదలైనాక ఎవరికీ రాదంట."

అక్క తువ్వాలు పక్కన పెట్టింది. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. ఒక్కో ముఖం అయిపోయాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం ఆమె పద్ధతి, మాకూ అదే నేర్పింది. ఇది ఆ కడుగుడేనా, వేరేదా అని పడుకునే విన్నాను. నీళ్ళ చప్పుడులో తేడా తెలియలేదు. తిరిగి వచ్చి నా ముఖం మీది ప్యాక్ పని పూర్తి చేసింది. బ్రష్షుతో వేసింది. మామూలుగా అక్క వేళ్ళతో వేసేది.

మరుసటి రోజు అక్క స్వయంగా ఆస్పత్రికి వెళ్ళి సిస్టరమ్మను కలిసి వచ్చింది. ఇది అంటుతుందా అని అక్క మూడు సార్లు అడిగిందని సిస్టరమ్మ నెల తర్వాత నాకు చెప్పింది. కానీ తీర్పు ఆ రోజే వచ్చింది. అక్క నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది.

"ఆయమ్మ సెప్పింది నమ్మినాను. రాదని నాకు తెలుసు. రేపు ఎవరికైనా ఈ సంగతి తెలిస్తే, వాళ్ళు ఆయమ్మను అడగరు. మెట్లు దిగి పోతారు. మళ్ళ రారు. నువ్వు సెప్పు, నేనేం సెయ్యల్ల?"

"నన్ను పొమ్మను."

"పొమ్మంటే యాడికి పోతావు?"

నేను మెట్ల కిందికి చూశాను.

"ముఖాలు ఆ పిల్లకు ఇయ్యి. నువ్వు కాళ్ళు సేసుకో" అంది.

అట్లా కాళ్ళ దగ్గరికి వచ్చాను. మా దగ్గర కాళ్ళ పనికి కొదవ లేదు. అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా నడిచి కొండెక్కి దిగిన వాళ్ళ మడమలు ఎట్లా ఉంటాయో చూసిన వాళ్ళకే తెలుస్తుంది. వేడి నీళ్ళలో ఉప్పు, షాంపూ వేసి ఇరవై నిమిషాలు నానబెట్టాలి, రాయితో రుద్దాలి, గోళ్ళ మూలలు తీయాలి, పిక్క నుంచి మోకాలి దాకా నూనెతో తోమాలి. మంచి పనే. నేను చిన్న పీట మీద కూర్చునేదాన్ని. నా తల మీదుగా కర్టెను అవతల నగరి పిల్ల లెక్క వినిపించేది. ఆరు దగ్గర తొందరపడేది. నాకు చేతులు వాటంతటవే సరిచేసేవి, తొట్టిలో, నీళ్ళ కింద.

"ఏం పాపా, ముఖం కాడి నుంచి కాళ్ళకు వచ్చేసినావు?" అని రెడ్డెమ్మే అడిగింది.

"ప్రమోషన్ వచ్చినాదమ్మా. అందరూ మొక్కేది కాళ్ళకే గదా."

ఆమె నవ్వి, పోయేటప్పుడు అక్కతో, ముఖానికి కాళ్ళు చేసే పిల్లనే పంపమని, నగరి పిల్ల చెయ్యి మొరటు అని చెప్పింది. అక్క ఆ మాట నాకు చేరవేయలేదు. కర్టెనుకు చెవులు ఉండవు గానీ నాకు ఉన్నాయి. సంతోషపడాలా వద్దా అని కాసేపు ఆలోచించి మానేశాను.

పన్నెండో అట్ట అయిపోయింది. సిస్టరమ్మ కార్డు మీద చివరి గడిలో టిక్కు పెట్టి, కింద డాక్టరమ్మ సంతకం చేయించి ఇచ్చింది. మచ్చ అట్లాగే ఉంటుందని, అక్కడ స్పర్శ మళ్ళీ రాకపోవచ్చని, రోగం మాత్రం లేదని చెప్పింది. నలుపు దిగడానికి ఏడాది పైన పట్టచ్చంది. కార్డు తెచ్చి అక్క టేబుల్ మీద పెట్టాను. అక్క రెండు వైపులా తిప్పి చదివింది.

"మంచిది. బద్రంగా పెట్టుకో" అని నా చేతికే ఇచ్చింది.

నేను ఇంకొక మాట కోసం నిలబడ్డాను. అక్క ఫోను డైరీ తెరిచింది. తొట్టిలో నీళ్ళు చల్లారిపోతున్నాయని గుర్తొచ్చి వెళ్ళిపోయాను. అడగచ్చు గదా అంటారు. అడిగితే వచ్చే జవాబు రెండు రకాలే. ఆ రెంటిలో ఒకటి వినడానికి నాకు ఓపిక లేదు. అట్లా ఎనిమిది నెలలు, అడగకుండా, అడిగించుకోకుండా గడిచాయి.

నగరి పిల్లకు వాళ్ళ ఊళ్ళోనే మరమగ్గాలు ఉన్న ఇంట్లో సంబంధం కుదిరింది. వైశాఖంలో పెట్టె సర్దుకుని రైలెక్కింది. తిరుపతిలో ముహూర్తాలు మంచి ఊపు మీదున్న రోజులు. అక్క రెండు వారాలు తనే ముఖాలు చేసింది. ఒక శుక్రవారం పొద్దున నాయుడుపేట నుంచి ఒక పెళ్ళికూతురు, ఆమెతో పాటు ఆరుగురు వచ్చారు. మధ్యాహ్నం లోపల అందరూ కావాలి. అక్క ఒక మంచం దగ్గర, బ్లీచ్ బ్రష్షు చేతిలో పట్టుకుని, గది మొత్తం ఒక చూపు చూసింది. నేను పీట మీద ఉన్నాను.

"చేతులు కడుక్కో" అంది.

మోచేతుల దాకా కడుక్కున్నాను. పెళ్ళికూతురు చివరి మంచం మీద పడుకుని ఉంది. జుట్టుకు గుడ్డ కట్టి, క్లెన్సింగ్ చేసి, కళ్ళ మీద దూది అక్కే పెట్టి ఉంచింది. నేను ఎవరో ఆ పిల్లకు కనపడదు. అక్క చేతిలో పని పక్కన పెట్టి వచ్చి కర్టెను పట్టుకుని నిలబడింది. నా ముఖం చూడటం లేదు, నా చేతులు చూస్తోంది. క్రీము తీసుకుని అరచేతుల్లో వేడి చేసి గడ్డం దగ్గర మొదలుపెట్టాను. ఒణ్ణు, రెండు, మూణు. పదమూడు నెలలు ఎదురుచూసిన చోటికి చెయ్యి వచ్చింది కదా, ఏమైనా అనిపిస్తుందేమో అని చూశాను. మెత్తగా ఉంది. వయసు పిల్ల చర్మం. కుడి దవడ కింద చిన్న మొటిమ లేవబోతోంది. అక్కడ వేలు తేల్చి పోనిచ్చాను. అంతకు మించి ఏమీ లేదు.

కుడి చెంప సగంలో ఉండగా పెళ్ళికూతురి నోరు కొంచెం తెరుచుకుంది. చిన్న గురక వచ్చింది. పెళ్ళి పనుల్లో నాలుగు రోజులుగా నిద్ర లేనట్టుంది. కౌంటర్ మీద ఫోను మోగింది. అక్క ఇంకొంచెంసేపు నిలబడింది, తర్వాత కర్టెను వదిలేసి ఫోను ఎత్తడానికి వెళ్ళింది. "సెప్పండి మేడం, ఆదివారమా, ముఖానికా, ఉండారు, ఇద్దరం ఉండాం" అని వినిపించింది.

నేను ఎట్టు దాకా పూర్తి చేసి, మంచం అవతలి పక్కకు తిరిగి, రెండో చెంప మొదలుపెట్టాను.